డబ్బు పెట్టి కొన్న గేమ్ మాయమైతే అడిగే దిక్కెవరు?

కీబోర్డుకాకి
నిన్న ఒక పాత రేసింగ్ గేమ్ గుర్తొచ్చి ఆడదామని పెడితే తెరుచుకోలేదు. సర్వర్ అందడం లేదని ఒకే ఒక్క వాక్యం. లోపం నా ఇంటర్నెట్‌లో ఉందేమోనని రౌటర్ ఆపి మళ్లీ వేశాను. గేమ్ మొత్తం తీసేసి తిరిగి ఎక్కించాను. ఆఖరికి వెతికితే తేలింది, కంపెనీ ఆ సర్వర్లను మూసేసి చాలా కాలమైందట.

నాకు మింగుడు పడనిది ఒకటే. ఆ గేమ్‌లో నేను ఏనాడూ ఇంకొకరితో పోటీ పడలేదు. కంప్యూటర్ నడిపే కార్లతో ఒంటరిగా ఆడుకునేవాణ్ణి. రోడ్లు, కార్లు, పాటలు, శబ్దాలు అన్నీ నా హార్డ్ డిస్కులోనే పదుల గిగాబైట్ల మేర పడి ఉన్నాయి. అయినా ఎక్కడో అవతలి యంత్రం సరేనంటే తప్ప మెనూ దాకా కూడా పోనివ్వదు. నెలవారీ చందా కట్టి ఆడిన గేమ్ కాదు, పూర్తి ధర పెట్టి కొన్నది. ఇలా ఇంకెవరికైనా జరిగిందా? చేయగలిగింది ఏమైనా ఉందా?

అర్ధరాత్రి_గేమర్
అసలు ఈ గొడవ లోకం దృష్టికి వచ్చిందే ఒక కార్ల గేమ్ వల్ల. యుబిసాఫ్ట్ వారి 'ది క్రూ' 2014 డిసెంబరులో వచ్చింది. అమెరికా మొత్తాన్ని కుదించి మ్యాప్‌గా ఇచ్చారు, ఒక తీరం నుంచి మరో తీరం దాకా ఎక్కడా ఆగకుండా నడుపుకుంటూ పోవచ్చు. 2023 డిసెంబరులో అమ్మకాలు ఆపారు, 2024 మార్చి 31న సర్వర్లు ఆపారు. గోరుచుట్టు మీద రోకలిపోటులా ఆ తర్వాత, అప్పటికే గేమ్ కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సులు కూడా వెనక్కి తీసుకున్నారు.

దాంతో రాస్ స్కాట్ అనే యూట్యూబర్ 2024లో 'స్టాప్ కిల్లింగ్ గేమ్స్' ఉద్యమం మొదలుపెట్టాడు. యూరోపియన్ యూనియన్‌లో పౌరుల విన్నపానికి కావలసిన పది లక్షల సంతకాలు 2025 జులైలో దాటాయి. సర్వర్లను కలకాలం నడపమని వాళ్లు అడగడం లేదు. ఆపి వెళ్లేటప్పుడు కొన్నవాడు ఆడుకోగలిగే స్థితిలో గేమ్‌ను వదలమంటున్నారు, అంతే.

నల్లతెర
ఇంత రభస దేనికో నాకు తెలియడం లేదు. ఎప్పటిదో గేమ్. ఆడినన్నాళ్లు ఆడారు, పెట్టిన డబ్బుకు వినోదం దక్కింది. నాటకం అయిపోయాక స్టేజీ విప్పేశారని ఎవరైనా ఫిర్యాదు చేస్తారా?

కీబోర్డుకాకి
@నల్లతెర నాటకం టికెట్ మీద తేదీ, సమయం ఉంటాయి. ఒక్క పూట కోసమే డబ్బు ఇస్తున్నామని తెలిసే కొంటాం. నా గేమ్ పెట్టె మీద ఆఖరి తేదీ ఎక్కడా లేదు. ఉంటే కొనాలో వద్దో అప్పుడే తేల్చుకునేవాణ్ణి.

పిక్సెల్‌పిట్ట
కాకి గారి మాటే నాదీ. "ఈ గేమ్ కనీసం ఫలానా సంవత్సరం వరకు నడుస్తుంది" అని ముందే రాయమంటే ఎంతమంది రాస్తారో చూడాలని ఉంది.

లినక్స్‌లలిత
కాలిఫోర్నియాలో దానికి దగ్గరగా ఒక చట్టం వచ్చింది, ఏబీ 2426. 2024 సెప్టెంబరులో సంతకమైంది, 2025 నుంచి అమలు. శాశ్వతంగా చేతికివ్వని డిజిటల్ సరుకును అమ్మేటప్పుడు, ఇది లైసెన్సు మాత్రమేనని కొనేవారికి స్పష్టంగా చెప్పాలి. గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్ 2024 అక్టోబరులోనే డబ్బు కట్టే పేజీలో ఆ వాక్యం చేర్చింది. కానీ చెప్పి అమ్మాలన్నదే ఆ చట్టం. రేపు గేమ్ ఆపేస్తే దాన్ని అడ్డుకునే బలం దానికి లేదు. ఇంటర్నెట్ లేకపోయినా ఎప్పటికీ వాడుకునేలా దించుకోగల సరుకుకు మాత్రం ఈ హెచ్చరిక అవసరం లేదు. 2008 నుంచి, కొన్నాక ఎవరి అనుమతీ అడగని, తాళాలు లేని గేమ్‌లు అమ్ముతున్న జీఓజీ అందుకే హాయిగా ఉంది. ఇన్‌స్టాలర్ ఫైలు దించుకుని పక్కన పెట్టుకుంటే ఆ దుకాణం లేకపోయినా మన గేమ్ మనకుంటుంది.

సర్వర్‌సత్యం
కొంతకాలం ఆన్‌లైన్ గేమ్‌ల సర్వర్ వైపు పనిచేశాను కాబట్టి లోపలి సంగతి చెబుతాను. సర్వర్ అంటే ఒక ప్రోగ్రామ్, జిప్ చేసి జనానికి ఇచ్చేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇప్పటి గేమ్‌ల తీరు అది కాదు. లాగిన్ చూసుకునేది ఒకటి, ఆటగాళ్లను జత కలిపేది ఒకటి, ఎవరి దగ్గర ఏ కారు, ఎన్ని నాణేలు ఉన్నాయో రాసుకునే డేటాబేస్ ఒకటి, మోసగాళ్లను పట్టేది ఒకటి, స్నేహితుల జాబితా మోసేది మరొకటి. వీటిలో కొన్ని బయటి సంస్థల నుంచి తెచ్చుకున్నవి. వాటి కోడ్‌ను పంచే హక్కు గేమ్ కంపెనీకే ఉండదు. పైగా అదంతా ఏదో ఒక క్లౌడ్ సంస్థ సేవలను నమ్ముకుని రాసి ఉంటుంది. దాన్ని విడదీసి మామూలు కంప్యూటర్ మీద నడిపించడం నెలల పని. మూసేసే నాటికి ఆ కోడ్ రాసినవాళ్లు తలో చోటికి వెళ్లిపోయి ఉంటారు. మిగిలినవాళ్లకు ఏ తీగ లాగితే ఏ డొంక కదులుతుందో తెలియదు.

అయితే ఇది మొదటి నుంచీ ఆలోచించకపోవడం వల్ల పడే భారం. గేమ్ మొదలుపెట్టిన నాడే, ఆపేసే రోజున ఏం చేయాలో ఒక పేజీ రాసుకుంటే ఇంత శ్రమ ఉండదు. కాకి గారి గేమ్ విషయానికి వస్తే, ఒంటరిగా ఆడే భాగానికి సర్వర్‌తో సాధారణంగా అంత పని ఉండదు. దొంగ కాపీలను ఆపడానికి, ఆట మధ్యలో వస్తువులు అమ్ముకోవడానికి పెట్టిన కాపలా అది. ఆ కాపలా తీసేసే ప్యాచ్ (సవరణ ఫైలు) ఒకటి ఇవ్వడం కొండను మోయడమేమీ కాదు.

బూట్‌లోడర్
@సర్వర్‌సత్యం మీ చివరి మాటకు రుజువు కూడా ఉంది. ది క్రూ గురించి అంత అల్లరి అయ్యాక అదే కంపెనీ 'ది క్రూ 2'కు ఆఫ్‌లైన్‌లో ఆడుకునే వీలు కల్పించింది. మొదటి గేమ్‌ను అభిమానులే తమ సొంత సర్వర్ ప్రోగ్రామ్ రాసుకుని మళ్లీ నడిపించారు. కోడ్ చేతిలో లేదు, గేమ్ ఏం అడుగుతోందో వినడం, దానికి ఏ జవాబిస్తే నమ్ముతుందో కనిపెట్టడం, అలా ఒక్కో ప్రశ్నా విప్పుకుంటూ పోయారు. జీతం లేని అభిమానులకు సాధ్యమైన పని గేమ్ తయారు చేసినవాళ్లకు అసాధ్యమంటే నేను ఒప్పుకోను.

సర్వర్‌సత్యం
@బూట్‌లోడర్ సాంకేతికంగా అసాధ్యమని నేను అనలేదు. ఆదాయం రాని పనికి మనుషులను కేటాయించమని పైవాళ్లను ఒప్పించడం అంతకంటే కష్టం. చట్టం చెబితే తప్ప చాలాచోట్ల అది జరగదు. అందుకే సంతకాల ఉద్యమం నాకు నచ్చింది.

నల్లతెర
సరే, ఒంటరిగా ఆడేవాటి సంగతి ఒప్పుకుంటాను. మరి వేలమంది కలిసి ఆడే గేమ్‌ల మాటేమిటి? సర్వర్ ఇచ్చినా అందులో మనుషులు ఉండరు. ఖాళీ వీధుల్లో ఒక్కరే తిరగడానికా ఈ పోరాటం?

రాత్రిగువ్వ
@నల్లతెర ఖాళీగా ఉంటాయని ముందే ఎందుకు అనుకోవాలి? 'సిటీ ఆఫ్ హీరోస్' సంగతి చూడండి. 2004లో మొదలైంది, 2012 నవంబరులో మూసేశారు. మూసే నాటికీ జనం అందులో ఉన్నారు, వద్దని మొత్తుకున్నారు. చాటుమాటుగా కొందరు ఒక సర్వర్ నడుపుతున్నారని 2019లో బయటపడింది, ఆ కోడ్ అందరికీ చేరింది. తర్వాత వచ్చిన 'హోమ్‌కమింగ్' అనే అభిమానుల సర్వర్‌కు 2024 జనవరిలో హక్కుదారైన ఎన్‌సీసాఫ్ట్ అధికారికంగా లైసెన్సు ఇచ్చింది. 2012లోనే చచ్చిపోయిందన్న గేమ్ అది!

'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' కథా ఇలాంటిదే. పాత రూపంలో ఆడుకోవడానికి అభిమానులు పెట్టుకున్న నోస్టాల్రియస్ సర్వర్ 2016 ఏప్రిల్‌లో చట్టపరమైన ఒత్తిడి వల్ల మూతపడింది. మూడేళ్లకు, 2019 ఆగస్టులో, ఆ గేమ్ కంపెనీ బ్లిజార్డే ఆ పాత రూపాన్ని 'క్లాసిక్' పేరుతో విడుదల చేస్తే లాగిన్ కోసం జనం గంటల తరబడి వరుసలో నిలబడ్డారు. అభిమానులు దాచి ఉంచిన నిప్పుతోనే కంపెనీ పొయ్యి వెలిగించుకుంది.

నల్లతెర
సిటీ ఆఫ్ హీరోస్ సంగతి నాకు తెలియదు. అది మాత్రం బాగుంది.

క్యాసెట్‌కాలం
చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు, ఒకప్పుడు ఈ సమస్యే లేదు. 1996లో 'క్వేక్' వచ్చినప్పుడు సర్వర్ ప్రోగ్రామ్ కూడా ఆటగాడి చేతిలోనే ఉండేది. ఎవరి కంప్యూటర్ మీద వాళ్లు నడుపుకునేవాళ్లు, ఐపీ చిరునామా స్నేహితులకు చెబితే వచ్చి చేరేవారు. ఈ రోజుకీ కావాలంటే నడపవచ్చు. కంపెనీ ఉందా లేదా అన్న ప్రశ్నే రాదు.

ఐడీ సాఫ్ట్‌వేర్ (క్వేక్ చేసిన కంపెనీ) అక్కడితో ఆగలేదు. 1993 నాటి 'డూమ్' సోర్స్ కోడ్‌ను 1997 డిసెంబరులో, క్వేక్ కోడ్‌ను 1999లో జనానికి ఇచ్చేసింది. కొత్త రకం యంత్రం ఏది వచ్చినా దాని మీద డూమ్ నడిపి చూపించేవాళ్లు ఉన్నారంటే కారణం ఆ కోడ్ అందరి చేతిలో ఉండటమే. మార్చుకోనిచ్చినందువల్ల ఎన్ని పుట్టాయో కూడా చూడండి. క్వేక్ ఇంజిన్‌ను (గేమ్‌ను నడిపే మూల ప్రోగ్రామ్‌ను) కొని, మార్చి రాసుకున్నదే 1998 నాటి 'హాఫ్-లైఫ్'. దాని మీద ఇద్దరు కుర్రాళ్లు 1999లో కట్టిన మాడ్ (ఉన్న గేమ్‌ను మార్చి చేసిన కొత్త గేమ్) 'కౌంటర్-స్ట్రైక్'. మూసి పెట్టుకుంటే అదంతా పుట్టేదే కాదు. తాళం వేసుకున్నవాళ్లు పోగొట్టుకుంటున్నది ఎంతో వాళ్లకే తెలియడం లేదని నా బాధ.

అర్ధరాత్రి_గేమర్
తాళాలు అలవాటు చేసింది కూడా ఆ వంశమే కదా. 2003లో హాఫ్-లైఫ్ చేసిన కంపెనీ నుంచే స్టీమ్ వచ్చింది, 2004లో 'హాఫ్-లైఫ్ 2'ను పెట్టెలో డిస్కుతో కొన్నా స్టీమ్ ఖాతా లేకుండా ఆడనివ్వలేదు. అప్పట్లో అందరూ తిట్టుకున్నారు. ఇప్పుడు అదే మాకు ఇష్టమైన దుకాణం.

క్యాసెట్‌కాలం
@అర్ధరాత్రి_గేమర్ నిజమే, అదీ చెప్పాల్సిందే. సౌకర్యం ముందు పంతం నిలవలేదు.

సేవ్‌ఫైల్
అందుకే నేను డిస్కులే కొంటాను. అల్మరాలో ఉన్నదాన్ని ఎవరూ వచ్చి తీసుకుపోలేరు.

బూట్‌లోడర్
@సేవ్‌ఫైల్ డిస్కులో ఏముందో చూసుకున్నారా? ఇప్పటి పెద్ద గేమ్‌లు చాలావాటికి విడుదల రోజునే భారీ ప్యాచ్ దించుకోవాలి. అది లేకుండా నడిపితే సగం పొయ్యి మీద ఉన్న వంట చేతికొచ్చినట్టు. 2025లో వచ్చిన నింటెండో స్విచ్ 2లో కొన్ని గేమ్‌లను 'గేమ్-కీ కార్డ్' రూపంలో అమ్ముతున్నారు. కార్డులో గేమే ఉండదు, దించుకోవడానికి అనుమతి మాత్రమే ఉంటుంది. పెట్టె ఉంది, కార్డు ఉంది, అసలు సరుకు మాత్రం సర్వర్‌లో ఉంది.

పిక్సెల్‌పిట్ట
ఆ కార్డును ఇంకొకరికి అమ్ముకోవచ్చు, ఇచ్చుకోవచ్చు. పూర్తి డిజిటల్ కంటే అది ఒక మెట్టు నయమే కదా?

బూట్‌లోడర్
ఇవాళ నయమే. ఆ దుకాణం మూసిన రోజున రెండూ ఒకటే. నింటెండో పాత యంత్రాలైన 3డీఎస్, వీ యూల ఆన్‌లైన్ దుకాణాల్లో అమ్మకాలు 2023 మార్చి 27న ఆగాయి, వాటిలో డిజిటల్‌గా మాత్రమే వచ్చిన చాలా గేమ్‌లు ఇప్పుడు ఎంత డబ్బు పెట్టినా దొరకవు. కొన్నవాళ్లు మళ్లీ దించుకునే వీలు అప్పట్లో ఉంచారు, అది ఎన్నాళ్లో ఎవరూ మాట ఇవ్వలేదు.

రాత్రిగువ్వ
సోనీ పీఎస్4 (ప్లేస్టేషన్ 4) గడియారం బ్యాటరీ సంగతి గుర్తుందా? లోపలి చిన్న బ్యాటరీ అయిపోయి తేదీ చెదిరితే, ఇంటర్నెట్‌కు కలిపి సరిచేసుకునేదాకా గేమ్‌లు తెరుచుకునేవి కావు. డిస్కు చేతిలో ఉన్నా అంతే. అభిమానులు పట్టుబట్టాక 2021లో వచ్చిన అప్‌డేట్‌తో ఆ బెడద తీరింది. పోరితే వింటారనడానికి ఇదొక సాక్ష్యం.

క్యాసెట్‌కాలం
బ్యాటరీ మాట వచ్చింది కాబట్టి, నింటెండో పాత చేతి యంత్రం గేమ్ బాయ్ క్యాట్రిడ్జ్‌లు (గేమ్ ఉండే చిన్న పెట్టెలు) ఉన్నవాళ్లు ఈ పోస్టు పూర్తిగా చదవండి. వాటిలో గేమ్ వేరే చిప్‌లో ఉంటుంది, అది చాలాకాలం చెక్కు చెదరదు. మీరు ఆడి దాచుకున్న సేవ్ మాత్రం ఎస్‌ర్యామ్ అనే చిప్‌లో ఉంటుంది. కరెంటు ఉన్నంతసేపే దానికి జ్ఞాపకం. ఆ కరెంటు ఇచ్చేది లోపల అతికించి ఉన్న గుండ్రటి బిళ్ల బ్యాటరీ. అది చచ్చిన రోజున చిన్ననాటి సేవ్ మొత్తం పోతుంది. లోపల గడియారం కూడా నడిచే 'పోకెమాన్ గోల్డ్', 'సిల్వర్' లాంటి వాటిలో బ్యాటరీ ఇంకా తొందరగా అయిపోతుంది, ఆ గడియారాన్ని మోసేదీ అదే బ్యాటరీ కాబట్టి.

మార్చడం కష్టం కాదు, వరుస తప్పకూడదు. ముందు క్యాట్రిడ్జ్ రీడర్‌తో సేవ్‌ను కంప్యూటర్‌లోకి దించుకోండి. ఆ తర్వాతే పెట్టె విప్పండి. బ్యాటరీకి రెండు రేకు ముక్కలు అతికి ఉంటాయి, వాటి కాళ్లు బోర్డుకు టంకం వేసి ఉంటాయి. బ్యాటరీని పట్టుకుని గుంజితే బోర్డు మీది రాగి పొర లేచి వస్తుంది. టంకం కరిగించి, రేకులతో సహా మెల్లగా ఎత్తాలి. కొత్తది కూడా రేకులు ముందే అతికించి ఉన్న రకమే తీసుకోండి, నేరుగా బ్యాటరీ మీద టంకం వేయవద్దు, వేడికి అది పగిలే ప్రమాదం ఉంది. ప్లస్, మైనస్ గుర్తులు బోర్డు మీదే ఉంటాయి. అంతా అయ్యాక దించుకున్న సేవ్‌ను తిరిగి ఎక్కించండి. మొన్న మా తమ్ముడి క్యాట్రిడ్జ్‌కు ఇలాగే చేశాను. వాడు చిన్నప్పుడు గేమ్‌లోని తన జంతువులకు పెట్టుకున్న పేర్లు తెర మీద కనబడగానే ఇద్దరం గట్టిగా చదువుకుంటూ కూర్చున్నాం.

సేవ్‌ఫైల్
ఇది ప్రత్యేకంగా దాచుకుంటున్నాను, అన్నా. నా దగ్గర ఉన్నవన్నీ ఈ వారమే విప్పుతాను.

పిక్సెల్‌పిట్ట
మీరంతా పెద్ద గేమ్‌ల గురించే మాట్లాడుతున్నారు. నన్ను పెంచినవి బ్రౌజర్‌లో ఆడే ఫ్లాష్ గేమ్‌లు. గదిలోంచి తప్పించుకునేవి, బొమ్మలకు బట్టలు మార్చేవి, ఎవరో విద్యార్థి ఒక సెలవులో కూర్చుని రాసినవి. వాటికి కంపెనీ లేదు, పెట్టె లేదు, ఎవరి పేరూ లేదు. 2020 డిసెంబరు 31తో వాటిని నడిపే ఫ్లాష్‌కు అడోబి మద్దతు ఆపేసింది, జనవరి 12 నుంచి ప్లేయరే వాటిని నడపడానికి నిరాకరించింది. ఒక తరం పిల్లల చేతుల్లో తయారైన కళ అది.

అది రాబోతోందని తెలిసి 2018 నుంచే కొందరు 'ఫ్లాష్‌పాయింట్' పేరుతో వెబ్‌సైట్లన్నీ జల్లెడ పట్టి గేమ్‌లను దించి దాచారు. లక్షకు పైగా గేమ్‌లు, యానిమేషన్లు ఉన్నాయి ఇప్పుడు అందులో. నాకు పేరు కూడా గుర్తులేని ఒక గేమ్, ఊదా రంగు గది, గోడ మీద ఆగిపోయిన గడియారం, ముళ్లు తిప్పితే సొరుగు తెరుచుకునేది. వెతగ్గా వెతగ్గా అందులో దొరికింది. ముళ్లు ఎటు తిప్పాలో చేతికి ఇంకా గుర్తుంది. ఆ పని చేసినవాళ్లను కలిస్తే దండం పెడతాను.

లినక్స్‌లలిత
@పిక్సెల్‌పిట్ట నాకూ కళ్లు చెమ్మగిల్లాయి. 'రఫుల్' అనే ఎమ్యులేటర్ (పాత యంత్రాన్నో ప్రోగ్రామ్‌నో అనుకరించే ప్రోగ్రామ్) కూడా చూడండి, బ్రౌజర్‌లోనే పాత ఫ్లాష్ ఫైళ్లు నడుపుతుంది.

ఇది గేమ్‌ల రోగమే కాదు. బీబీసీ 1960లు, 70లలో తన కార్యక్రమాల టేపులను చెరిపి మళ్లీ వాడుకుంది. 'డాక్టర్ హూ' తొలి సంవత్సరాల ఎపిసోడ్లు పెద్ద సంఖ్యలో అలాగే పోయాయి. అయినా పోయిన వాటన్నిటి శబ్దం మాత్రం మిగిలింది. కారణం, ఇళ్లలో పిల్లలు టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టుకుని పట్టుకున్నారు. 2013లో నైజీరియా నుంచి దొరికిన తొమ్మిది ఎపిసోడ్లు బయటపెట్టారు. సొంతదారు చెరిపేసినదాన్ని కాపాడింది ఎక్కడో ఉన్న అదనపు కాపీలే.

సర్వర్‌సత్యం
'టాయ్ స్టోరీ 2' కూడా అంతే. 1998లో పొరపాటున ఒక కమాండ్ నడిచి సినిమా ఫైళ్లు చెరిగిపోవడం మొదలైంది, బ్యాకప్‌లు సరిగా పనిచేయడం లేదని అప్పుడు తెలిసింది. పసిబిడ్డ ఉండటం వల్ల ఇంటి నుంచి పనిచేస్తున్న గాలిన్ సుస్మన్ అనే సాంకేతిక నిపుణురాలి ఇంటి కంప్యూటర్‌లో కాపీ ఉంది. దాన్ని దుప్పట్లలో చుట్టి కారులో తెచ్చుకున్నారు. మా రంగంలో చేరిన ప్రతి కొత్తవాడికీ నేను ఈ కథ చెబుతాను.

నల్లతెర
పుస్తకాల్లోనూ జరిగింది కదా. 2009లో అమెజాన్, అమ్మినవాడికి హక్కులు లేవని తెలిసి, జార్జ్ ఆర్వెల్ పుస్తకాలు '1984', 'యానిమల్ ఫామ్'లను కొన్నవాళ్ల కిండిల్ ఈ-రీడర్లలోంచి దూరం నుంచే తీసేసింది. డబ్బు తిరిగి ఇచ్చింది, తర్వాత క్షమాపణ చెప్పింది. కానీ మన చేతిలో ఉన్న పుస్తకం మనం నిద్ర లేచేసరికి ఉండకపోవచ్చని అప్పుడే తేలిపోయింది.

కీబోర్డుకాకి
@నల్లతెర మీరు మా వైపు వచ్చేస్తున్నారు :)

నల్లతెర
పూర్తిగా రాలేదు. ప్రతిదాన్నీ దాచాలనడం నాకు ఇప్పటికీ నచ్చదు. 2024లో 'కాంకర్డ్' అనే గేమ్ ఆగస్టు 23న వచ్చింది, జనం లేక సెప్టెంబరు 6న ఆపేశారు. కొన్నవాళ్లకు సోనీ డబ్బు తిరిగి ఇచ్చేసింది. అలా ఇచ్చాక ఇక అడగడానికి ఏముంది? లెక్క తేలిపోయింది.

రాత్రిగువ్వ
కొన్నవాడి లెక్క తేలింది, ఒప్పుకుంటాను. కానీ దాని మీద ఏళ్ల తరబడి పనిచేసిన కళాకారులు ఇదిగో నా పని అని చూపించడానికి ఇప్పుడు ఏముంది? ఆడటానికి కాకపోయినా, చరిత్రగా ఒక కాపీ ఎక్కడో గ్రంథాలయంలో ఉండాలి.

అర్ధరాత్రి_గేమర్
గ్రంథాలయాలకే వీలు ఇవ్వడం లేదు. వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో లెక్క తీసింది. అమెరికాలో 2010కి ముందు వచ్చిన గేమ్‌లలో 87 శాతాన్ని అప్పటికి ఎవరూ కొత్తగా అమ్మడం లేదు. అలాంటి గేమ్‌లను పరిశోధకులు దూరం నుంచి చూసుకునేలా మినహాయింపు ఇవ్వమని అడిగితే 2024 అక్టోబరులో అక్కడి కాపీరైట్ కార్యాలయం కాదంది. అమ్మరు, చూడనివ్వరు. ఇక మిగిలేది ఎమ్యులేటర్లే.

సేవ్‌ఫైల్
ఎమ్యులేటర్లు చట్టవిరుద్ధం కాదా?

బూట్‌లోడర్
ఎమ్యులేటర్ వేరు, గేమ్ కాపీ వేరు. ప్లేస్టేషన్ గేమ్‌లను మ్యాక్ మీద నడిపే ప్రోగ్రామ్ చేసిన కనెక్టిక్స్ మీద సోనీ కేసు వేస్తే, 2000లో అమెరికా అప్పీలు కోర్టు కనెక్టిక్స్ పక్షాన నిలిచింది. అయితే గేమ్ తాళాన్ని ఛేదించడం మరో సంగతి. ఆ వాదనతోనే 2024లో నింటెండో, స్విచ్ గేమ్‌లను నడిపే 'యుజు' ఎమ్యులేటర్ చేసినవాళ్ల మీద కేసు వేసింది, వాళ్లు 24 లక్షల డాలర్లకు రాజీపడి పని ఆపేశారు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదు, ఏ దేశంలో ఉన్నామో అక్కడి చట్టం చూసుకోవాలి.

లినక్స్‌లలిత
పాటల హక్కులు కూడా ఒక కారణం, ఎవరూ ఎత్తలేదు. 'అలన్ వేక్' 2017 మేలో సంగీతం లైసెన్సులు ముగియడంతో అమ్మకం నుంచి పోయింది, హక్కులు మళ్లీ కుదిరాక 2018లో తిరిగి వచ్చింది. జీటీఏ 4లో 2018లో అప్‌డేట్ పేరుతో కొన్నవాళ్ల కాపీల్లోంచే పాటలు తీసేశారు. రేడియో వింటూ కారు నడపడమే ఆ గేమ్‌కు ప్రాణం. నా దృష్టిలో సర్వర్ ఆపడం కంటే ఇదే పెద్ద తప్పు. అక్కడ గేమ్ పోయిందని తెలుస్తుంది, ఇక్కడ మారిపోయిందనే సంగతి కొత్తవాళ్లకు తెలియను కూడా తెలియదు.

కీబోర్డుకాకి
ఇంత విషయం ఉందని అనుకోలేదు. నా గేమ్ పేరు వెతికితే అభిమానుల సర్వర్ ప్రయత్నం ఒకటి కనబడింది, ఇంకా సగంలోనే ఉంది. వాళ్లకు పాత సర్వర్ నడిచిన రోజుల నెట్‌వర్క్ రికార్డులు కావాలట, నా దగ్గర లేవు.

సర్వర్‌సత్యం
@కీబోర్డుకాకి రికార్డులు లేకపోయినా మీ ఇన్‌స్టాల్ ఫోల్డర్‌ను తీసేయవద్దు. అన్ని ప్యాచ్‌లూ పడిన ఆఖరి వెర్షన్ అదే అయితే వాళ్లకు అదీ ముఖ్యమే. వెర్షన్ నంబరు రాసి వాళ్లను అడగండి. మీ ఖాతా వివరాలున్న ఫైళ్లు మాత్రం ఎవరికీ ఇవ్వవద్దు. మిగతావాళ్లకు కూడా ఒక మాట: ఏదైనా గేమ్ మూసేస్తున్నామని ప్రకటన వస్తే, ఆ మిగిలిన వారాల్లోనే నెట్‌వర్క్ రాకపోకలను వైర్‌షార్క్ లాంటి ప్రోగ్రామ్‌తో పట్టి దాచండి. మూసేశాక సంపాదించలేనిది అదొక్కటే.

కీబోర్డుకాకి
ఇప్పుడే తీసేసి మళ్లీ ఎక్కించింది కాబట్టి ఆఖరి వెర్షనే. వాళ్లకు రాస్తాను.

సేవ్‌ఫైల్
@క్యాసెట్‌కాలం క్యాట్రిడ్జ్ మర మామూలు స్క్రూడ్రైవర్‌కు పట్టడం లేదు. గుండ్రంగా, అంచు చుట్టూ గాట్లు ఉన్నట్టుంది.

క్యాసెట్‌కాలం
దానికి గేమ్‌బిట్ అనే ప్రత్యేకమైనది కావాలి. క్యాట్రిడ్జ్‌లకు 3.8 మిల్లీమీటర్లు, పాత కన్సోల్ పెట్టెలకు 4.5. రెండూ కలిపి దొరుకుతాయి. ప్లాస్టిక్ పెన్ను కరిగించి నొక్కితే వస్తుందని వీడియోల్లో చూపిస్తారు, అది చేయకండి, మర గాట్లు నిండిపోతాయి. ముందు సేవ్ దించుకున్నారా?

సేవ్‌ఫైల్
రీడర్ ఇంకా రాలేదు. అది వచ్చేదాకా ముట్టుకోను.